మోర్స్ మావయ్య మాట

రేడియో క్లబ్బులో అందరూ ఆయన్ని మోర్స్ మావయ్య అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు లేతు మిషను తిప్పిన మనిషి. గొంతుకు ఆపరేషనయ్యాక మాట పోయింది. అప్పట్నుంచీ సాయంత్రం ఆరయ్యేసరికి రేడియో ముందు కూర్చుని, మీట నొక్కుతూ, పొట్టి పొడుగు చప్పుళ్ల మోర్స్ భాషలో, చుక్కలూ గీతలతోనే ఎక్కడెక్కడివాళ్లతోనో కబుర్లాడుతుంటాడు. బదులు ఆలస్యమైతే మెడమీది కుట్ల మచ్చ తడుముకుంటాడు. ఈమధ్య మోర్స్ తెలిసినవాళ్లు తగ్గిపోయి, ఆ తడుముకోవడం ఎక్కువైంది.

రేడియో లైసెన్సు పరీక్షలో మోర్స్ ఉండాలా వద్దా అని సర్కారు క్లబ్బుల అభిప్రాయం అడిగితే, ఆదివారం క్లబ్బులో చర్చ పెట్టారు. "ఆ టకటకలకి జడిసి కొత్తవాళ్లు గుమ్మం తొక్కట్లేదండీ. మైకు ఉండగా ఇంకా అదెందుకు?" అన్నాడు కార్యదర్శి. మావయ్య, జేబులో రాసి చూపించే పుస్తకం ఉన్న సంగతి కూడా మరిచిపోయి, పెన్నుతో బల్లమీద మోర్స్‌లో గబగబా కొట్టాడు. "ఉండండి మావయ్యా, టీ వచ్చేస్తోంది" అన్నాడు కార్యదర్శి. అందరూ నవ్వారు. ఇరవై మందిలో మందులషాపు పెద్దావిడ ఒక్కతే నవ్వలేదు. "టీ కాదు బాబూ. రేపట్నుంచి తనతో ఎవరు మాట్లాడతారని అడుగుతున్నారు" అంది. అయినా ఓటింగులో పద్నాలుగు చేతులు మోర్స్ వద్దనే లేచాయి. వాళ్లు చెప్పిందీ అబద్ధం కాదని మావయ్యకి తెలుసు. వెళ్లేముందు పెద్దావిడ దగ్గరికొచ్చి, "దిగులెందుకు, రోజూ ఆరింటికి రేడియోలో నేనుంటాగా" అంది. మావయ్య నవ్వుతూ చేతులు జోడించాడు. కానీ ఆవిడ తనకంటే నాలుగేళ్లు పెద్దది; ఆవిడా పోతే ఆరింటికి బదులిచ్చేదెవరని, మెడమీది మచ్చ తడుముకున్నాడు.