జొన్నలు విసిరిన పూట

ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే జబ్బు వస్తే, వైద్యం ఒకరికే ఎందుకు జరుగుతుంది? ఇంద్రమ్మను తలుచుకున్నప్పుడల్లా వచ్చే ప్రశ్న ఇది. ఇన్నేళ్ళయినా జవాబు దొరకలేదు.

తాండూరు పటేలు జనార్దన్ రెడ్డికి చక్కెర జబ్బని తేలిన రోజున, అన్నం క్యారియరు పట్టుకుని తోడు వెళ్ళిన భార్య ఇంద్రమ్మకు కూడా వికారాబాద్ డాక్టరు పరీక్ష చేయించాడు. ఆమెకూ అదే జబ్బు. వేళకు తినాలి, అన్నం తగ్గించి జొన్నరొట్టె తినాలి, రోజూ నడవాలి, నెలనెలా వచ్చి చూపించుకోవాలి అని ఇద్దరికీ కలిపే చెప్పాడు.

ఇంటికి రాగానే ఆ మాటలన్నీ రెడ్డివే అయిపోయాయి. పొద్దున్నే స్టేషను దాకా నడక, పదకొండు కొట్టేసరికి వేడి రొట్టె, నెలకోసారి బండెక్కి వికారాబాద్. ఇంద్రమ్మ మాత్రం అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నమే తినేది.

"నాకేం నడక? పొద్దు పొడిస్తే ఇంట్ల నడుసుడే గదా," అనేది.

పందొమ్మిది వందల యాభై ఏడులో ఫ్లూ జ్వరం ఊరిమీద పడింది. రెడ్డి గడప దాటడం మానేశాడు. ఆ రోజుల్లోనే ఇంద్రమ్మ కాలికి నాపరాయి పెచ్చు గీసుకుంది. చిన్న గాయమే, కానీ ఎన్నాళ్ళయినా మానలేదు.

"డాక్టరుకు సూపిస్తే అయిపాయె గదా," అంది.

"రైలు నిండ జరమే ఉన్నది. గీ జరాలు పోనీ, ఇద్దరం పోదం. ఫికర్ చెయ్యకు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

ఒక పొద్దున పొయ్యిలోంచి నిప్పు జారి ఆమె కాలిమీద పడింది. ముందు కమురు వాసన వచ్చింది. ఏం కాలుతోందా అని చూస్తే తన వేలే. మంట తెలియలేదు. పక్కనున్న పుండు నల్లబడింది.

పిండి విసిరే భీమమ్మ జ్వరంతో పడుకుంది. కుంటుకుంటూ విసుర్రాయి దగ్గరికి పోతున్న భార్యను రెడ్డి ఆపాడు.

"జరుగు, నేను ఇసుర్త."

వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"తలుపులెందుకు?" నవ్వింది ఇంద్రమ్మ. "సప్పుడు ఇన్నోళ్ళు పటేలింటికి కొత్త కోడలొచ్చిందనుకుంటరు."

"నవ్వకు. స్టేషను దాక నడుసుడు బందాయె. గిప్పుడు నాకు గిదే నడక."

"గంతగనం పొయ్యకుండ్రి. పిడికెడు పిడికెడు పొయ్యాలె."

రాయి తిరిగింది. చెమటలు కక్కుతూ, చిన్నపిల్లాడిలా మురిసిపోతూ, తలెత్తకుండా విసురుతున్నాడు. ఇంద్రమ్మ ఉన్న పిండితో మూడు రొట్టెలు చేసింది. రెండు ఆయనకని గుడ్డ కప్పి పెట్టింది. మూడోది పొయ్యి ముందర కూర్చుని తను తినేసింది. పెళ్ళయ్యాక ఆయనకంటే ముందు తినడం అదే మొదలు.

కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, చెబుదామని దర్వాజా దాకా వచ్చింది. చెబితే రాయి ఆగుతుంది. ఆయన లేస్తాడు, రేపంటాడు, ఆమె సరేనంటుంది. ఆ సరే తన నోట్లోంచే వస్తుందని ఆమెకు తెలుసు.

పోయొస్తననే మాట అనకుండానే ఇంద్రమ్మ వెనక తలుపు తీసుకుని వికారాబాద్ బండికి నడిచింది.