ప్రభు బల్ల దగ్గర మరియమ్మ

మా మేనత్త మరియమ్మకు యేసంటే ప్రాణం. అది చర్చి కమిటీలో ఎవరూ కాదనలేరు. అయినా అవిశ్వాసి అన్న పేరు ఆమెకే పెట్టారు.

జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్లయి నాచారం వచ్చింది. మామయ్య మల్లాపూర్‌లో రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆమె ఉప్పల్‌లో ఒక బడిలో ఆయమ్మ. ఆ రంగుల పొగకే మామయ్య ఊపిరితిత్తులు పోయాయి. ఆఖరి రోజుల్లో దవాఖానాలో గాలి అందక ఆయన భయపడుతుంటే అత్త చెయ్యి పట్టుకుని కూర్చుంది. అప్పుడామెకు ఆసరా అయింది సిలువకు ముందు రాత్రి తోటలో చెమటలు పట్టి, ఈ బాధ తప్పించమని తండ్రిని వేడుకున్న యేసు. దేవుడికి భయమెందుకుంటుంది, ఆయన మనలాంటి మనిషే, దేవుడు పంపిన మనిషి అని అప్పటి నుంచి ఆమె నమ్మకం. ప్రార్థన తండ్రికే చేస్తుంది. ఆరాధనలో అందరూ లేచి విశ్వాస ప్రమాణం చెబుతుంటే, యేసే దేవుడనే వాక్యం దగ్గర నోరు మూసుకుంటుంది. ఆడవాళ్ల వైపు గుంపులో అది ఎవరికీ పట్టలేదు.

ఈ ఏడు ఆరాధన ఫోన్లలో లైవ్ పెట్టారు. అత్తది ఖంగుమనే గొంతు. ప్రమాణం ఆమె ముందు చెబితే అందరూ అందుకోవాలన్నారు. వద్దు వద్దంటున్నా మా నాన్నే, అంటే ఆమె తమ్ముడు పీటరే, మైకు చేతిలో పెట్టాడు. ఆ వాక్యం దగ్గర అత్త ఆగిపోయింది. ఆమె వెనకే చర్చంతా ఆగిపోయింది. చర్లపల్లిలో చూస్తున్న చుట్టాలు కరెంటు పోయిందా అని ఫోన్ చేశారు.

పాస్టర్ విజయ్ కుమార్ అయ్యగారు అత్తను కమిటీ ముందుకు పిలిచారు.

"సిలువ మీద 'నా దేవా, నన్నెందుకు ఇడిసినవ్' అని ఏడ్సి ఆయన ఎవర్ని పిలిసిండు అయ్యగారూ? తనను తానే పిలుసుకున్నడా? గట్లయితే ఆ ఏడుపు నాటకమేనా?" అని అడిగింది అత్త.

"అది మర్మమమ్మా. మన బుద్ధికి అందదు."

"అందనిదాన్ని నా నోటితోని ఎందుకు చెప్పిస్తరు?"

ఆయన వాచీ చూసుకున్నారు. మా నాన్న మధ్యలో దూరాడు. "గిన్నేండ్లు నోరు మూసుకున్నవు గదా అక్కా. జర ఒక్క మాట అంటే ఏం బోతది?"

"నోరు మూసుకున్ననాడు మంచిగనే ఉంటిమి. మైకు తెచ్చి పెట్టింది నువ్వేరా."

మైకులో ఆ వాక్యం పలికేదాకా ఆమెకు ప్రభు భోజనం, అంటే బల్ల దగ్గర పంచే రొట్టె, ద్రాక్షరసం, లేదని తీర్మానించారు. మామయ్య మంచం పక్కన కూర్చున్నది ఈ కమిటీ కాదు. ఆమెను అక్కడ నిలబెట్టిన విశ్వాసం మీద తీర్పు మాత్రం వీళ్లది. మా నాన్న కూడా చెయ్యెత్తాడు.

ప్రభు భోజనం ఇచ్చే నెల మొదటి ఆదివారం అత్త ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. అందరితోపాటు బల్ల ముందు మోకరించి దోసిలి పట్టింది. రొట్టె ప్లేటు పట్టుకుని వచ్చే సంఘపెద్ద మా నాన్నే. ఆమె దగ్గరికి రాగానే ప్లేటు పైకెత్తి పక్కావిడకు అందించాడు.

"నిన్ను ఎత్తుకొని పెంచిన చేతులురా ఇవి," అంది అత్త మెల్లగా. "రొట్టె పెట్టకపోతే మానె. నా మొఖం సూసి పో."

నాన్న చూడలేదు.

మా చర్చిలో అయ్యగారు దీవించాక వరుసంతా ఒక్కసారే లేవాలి. అప్పుడే వెనక వరుస ముందుకొస్తుంది. ఆ రోజు వరుస లేచింది, అత్త లేవలేదు. లేవమ్మా అని అయ్యగారు రెండుసార్లన్నారు.

"అందరితో పాటు తిని లేస్త."

వెనకవాళ్లను చెరో పక్కకు జరిపి, మధ్యలో ఆమెను వదిలేసి, మిగిలిన వరుసలు కానిచ్చారు. ఒక్కరు, ఒక్క మనిషి కూడా, తన చేతిలోని ముక్క తుంచి ఇవ్వలేదు. ఆఖరి పాట అయిపోయింది. ప్లేటు మీద తెల్లగుడ్డ కప్పారు. అత్త దోసిలి ఇంకా చాచే ఉంది. మా నాన్న ఆమెను దాటుకుని గుమ్మం బయటికి పోయి, వంగి చెప్పులు తొడుక్కున్నాడు.