పిడికెడు బియ్యం కుండ

నా చిన్నప్పుడు మేము కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా చర్చి వాళ్ళకు ఒక అలవాటు ఉండేది. పూటపూటా బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేవారు. శనివారం ఆ బియ్యాన్ని సంఘంలోని దిక్కులేని వాళ్ళకు చేర్చేవారు. మా ఇంటి కుండ రైలు గేటు పక్క గుడిసెలో ఒంటరిగా ఉండే అవ్వకు వెళ్ళేది. మా ఇంట్లో బియ్యం కడగడం నా పని కాబట్టి పిడికెడు తీయడం కూడా నాదే.

ఒక ఆదివారం, ప్రార్థనలో కళ్ళు తెరిచానని ఆ అవ్వ అందరి ముందూ నా నెత్తిన మొట్టింది. నా కళ్ళు తెరిచి ఉన్నాయని ఆమెకెలా కనబడిందో అడిగే ధైర్యం నాకు లేదు. పిల్లలంతా నవ్వారు.

ఆ శనివారం మా నానమ్మ కుండ ఎత్తి చూసింది.

“ఏందే, గింత తేలికున్నది?”

“మర్సిపోయిన నానమ్మా.”

“వారమంతనా?”

తిట్టలేదు. ఎప్పుడూ తానే తీసుకెళ్ళే కుండను ఈసారి నా చేతికిచ్చి పొమ్మంది. తెలిసి చేసినవీ, తెలియక చేసినవీ క్షమించమని రోజూ ఇంట్లో ప్రార్థించేవాళ్ళం. మరుపు తెలియక చేసిన వాటిలోకే వస్తుందని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

అవ్వ బియ్యం చేటలో పోసుకుంది. చేట అడుగు కూడా కప్పలేదు. కాసేపు చూసి, “ఇంట్ల కష్టమొచ్చిందా బిడ్డా? మీ నాయిన డ్యూటీకి పోతాండా?” అంది. పోతున్నాడన్నాను. ఆమె నమ్మలేదు. అందులో సగం మళ్ళీ నా కుండలో పోసింది. “నాదొక్క కడుపే. ఫికర్ చెయ్యొద్దని మీ నానమ్మకు జెప్పు.”

మరిచిపోయానని చెప్పబోయాను. అంతలో ఆ వారం జరిగిందంతా కళ్ళ ముందు మెదిలింది. సోమవారం నిజంగానే మరిచాను. మంగళవారం బియ్యం కడుగుతుంటే గుర్తొచ్చింది. మొట్టిన చోటు తడుముకుని, రేపు చూద్దాంలే అనుకున్నాను. బుధవారం నుంచి ఇక గుర్తే రాలేదు. అలా గుర్తు రాకుండా పోయే దారి మంగళవారం నాడు నేనే తెరిచాను.

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అవ్వ బోసినోటితో నవ్వింది. “గట్లనా? జర గట్టిగనే తాకినట్టున్నది.”

ఇంటికొచ్చాక నానమ్మ కుండ నిండా బియ్యం పోసి నన్ను మళ్ళీ పంపింది.

ఇప్పటికీ బియ్యం కడిగే ముందు పిడికెడు తీస్తాను. ప్రార్థనలో ‘తెలియక చేసినవి’ అనే మాట దగ్గర కాస్త ఆగుతాను. మరిచానని దేవునికి చెప్పుకోబోయే దాని వెనుక ఒక మంగళవారం ఉందేమో చూసుకుంటాను. చాలాసార్లు ఉంటుంది. అప్పుడు దాన్ని తెలిసి చేసిన వాటిలో కలిపి క్షమాపణ అడుగుతాను.