తుయిలాగి అడిగిన సెలవు

సవాయి దీవిలో తుయిలాగి మాటకు తిరుగు లేదు. చావుకైనా పెళ్ళికైనా, ఏ కుటుంబానికి మాట్లాడే మనిషి కావలసినా ముందు అతని ఇంటికే వస్తారు. వక్త గుర్తుగా భుజాన కొబ్బరిపీచు కుచ్చు వేసుకుని, ఊరి నడుమ గడ్డిబయలులో కర్ర ఆనించి అతను నిలబడితే, పొయ్యిల దగ్గరివాళ్ళు కూడా పని ఆపి వింటారు.

ఇదేమీ పుట్టుకతో వచ్చిన విద్య కాదు. వక్త బిరుదు అందుకున్న కొత్తలో తుయిలాగి నోరు విప్పితే జనం ఆవలించేవారు. తెలిసిన సామెతలన్నీ ఒక్క ఊపున కుమ్మరించేవాడు. చిన్నాన్న ఇయోసువా అతన్ని సముద్రపు ఒడ్డున నిలబెట్టి చీవాట్లు పెట్టాడు.

"ఎవడు తరుముతున్నాడ్రా నిన్ను? ముందు వరసలో పెద్దోళ్ళకి ఎలాగూ వినక తప్పదు. నువ్వు ఆ చివర కూర్చున్న ముసలమ్మ మొహం చూసి మాట్లాడు. ఆవిడ విసనకర్ర ఆగిందనుకో, నువ్వూ కాస్త ఆగు. మాట దిగాలి కదా!"

తుయిలాగి ఆగడం నేర్చుకున్నాడు. అప్పటినుంచే అతని మాట నిలిచింది. పాపం, మనిషికే నిలకడ లేకుండా పోయింది. ఈ ఊరు, ఆ ఊరు అని తిప్పారు. మోకాళ్ళు అరిగాయి, గొంతు బొంగురుపోయింది. కాదనడం మాత్రం చేతకాలేదు.

"మా అమ్మ పోయిన రోజు కూడా నువ్వు బయటే నిలబడ్డావు," అని భార్య ఫానానా దెప్పేది. "నీ మాటలకి ఊరంతా ఏడ్చింది, నిజమే. నా పక్కన మాత్రం ఎవరూ లేరు."

ఆ ఫానానాయే పోయింది.

తెల్లవారాక ఆమె పుట్టింటివాళ్ళు చావింటికి కానుకగా మేలుచాపలు మోసుకొచ్చి బయలు అంచున నిలబడ్డారు. వాళ్ళ వక్త సంతాపం చెప్పాడు. ఇటునుంచి ఎవరో ఒకరు బదులు చెప్పాలి. ఎవరన్నది వక్తలందరూ కూర్చుని, నువ్వంటే నువ్వని మర్యాదగా వాదించుకుని తేల్చాలి. అందరూ తుయిలాగి వైపే చూశారు.

అతనికి ఆ రోజు ఒకటే కోరిక. అందరు మొగుళ్ళలాగే తానూ లోపల చాప మీద పెళ్ళాం పక్కన కూర్చోవాలి.

"అయ్యలారా, అలసిన పావురం కొమ్మ వెతుక్కుంటోంది. ఈ కర్ర ఇవాళ ఇంకో చేతిని చూడాలి," అన్నాడు.

"మాలియే!" అని మెచ్చుకున్నారు అందరూ.

మొదట వద్దనడం పెద్ద వక్తల మర్యాద. కుర్ర వక్తలకు ఆ మర్యాద నేర్పింది తుయిలాగే.

"నా పడవకి తెడ్డు విరిగింది. ఒడ్డున ఉన్న బంధువులు చెయ్యి అందించాలి."

"మాలియే! మాలియే!"

ఎంత చక్కగా వేడుకుంటే అంత గట్టిగా మెచ్చుకున్నారు. నత్తినత్తిగా మాట్లాడే లెసా అయితే ఏకంగా చేతులు జోడించాడు.

"నువ్వుండగా మేమేంటన్నా? నేను నోరెత్తితే వచ్చినవాళ్ళు నవ్విపోరూ? లే అన్నా, లే, పాపం వాళ్ళు ఎండలో నిలబడ్డారు."

కర్ర చేతిలో పెట్టారు. తుయిలాగి బయలులోకి నడిచాడు. వచ్చినవాళ్ళ బిరుదులన్నీ ముందుగా వరసగా పలకాలి. అతను ఒక్కటీ పలకలేదు.

"నా వల్ల కావట్లేదు," అన్నాడు. "అలిసిపోయాను. మా ఆవిడ దగ్గర కూర్చోవాలి నేను."

ఎవరూ మాలియే అనలేదు. బిరుదులు వదిలేసి నోరు తెరిస్తే ఎదుటివాళ్ళను చెంపమీద కొట్టినట్టే. వక్తలు తలలు దించుకున్నారు. లెసా ఒక్కడే లేచి వచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"నిజంగానే అడిగావా అన్నా?"

"నిజంగానేరా."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అంటూ లెసా కర్ర అందుకున్నాడు.

లోపల తల్లి పక్కనున్న కూతురు జరిగి చోటిచ్చింది. "కూర్చో నాన్నా," అంది. బయట లెసా మొదటి బిరుదే తప్పు పలికాడు. తుయిలాగి తల తిప్పలేదు. ఫానానా చల్లటి పాదాలు రెండు చేతులతో పట్టుకుని బావురుమన్నాడు.