ఆదిలక్ష్మి పెట్టిన అన్నం

పెద్దింటయ్య రోజూ తెల్లవారకముందే కొల్లేటి రేవులోకి దిగి, దోసెడు నీళ్లు తీసుకుని కళ్లకద్దుకునేవాడు. "తల్లీ పెద్దింటమ్మా, ఈ పూట కూడా నీదే" అని దోనె ఎక్కి గెడ వేసేవాడు. ఆ పోటుకి దోనె నీళ్లలోని తూడు మొక్కల్ని చీల్చుకుంటూ పోయేది. అంత కండ ఉన్న మనిషి.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఆ కండ కరగడం మొదలైంది. ముందు భుజాలు దిగాయి, తర్వాత తొడలు. పంచె ఎంత బిగించినా నిలిచేది కాదు.

నీళ్ల మధ్య ఉన్న ఆ లంకలో మనిషి చిక్కితే ముందు అడిగేది రోగం సంగతి కాదు, వంటింటి సంగతి. తల్లి నూకాలమ్మకి వాడొక్కడే కొడుకు. ఆవిడ అనుమానం కోడలి మీదికి పోయింది.

"ఏవే ఆదిలక్ష్మీ, నా కొడుకు కూడు ఎటు పోతందే? మీ పుట్టింటికి గాని దోనె కడుతున్నావా?" అని, నలుగురూ నీళ్లు ముంచుకునే చోటే అనేసింది.

ఆదిలక్ష్మి మర్నాటి నుంచి మొగుడి కంచం వీధి అరుగు మీద పెట్టసాగింది. కొరమీను పులుసు, గుడ్డు, చివర గడ్డ పెరుగు. దారినపోయేవాళ్లంతా చూసేవారు. పెద్దింటయ్య ఆమె ముఖం చూసి, గొంతు దిగకపోయినా ఆఖరి మెతుకు దాకా తినేవాడు. పొరుగింటి సోమరాజు మంచి చేప పడితే పిలవకుండానే గుమ్మంలో పెట్టి పోయేవాడు. నూకాలమ్మ కూడా నెయ్యి తెచ్చి అన్నంలో వేసేది. కోడలితో మాత్రం మాట్లాడేది కాదు. ఇంతమంది చేతి చలవ తిన్నా మనిషి పుల్లలా అయిపోయాడు.

చివరికి సోమరాజు అతన్ని ఒడ్డు చేర్చి, గడ్డి పరిచిన బండిలో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కుర్ర డాక్టరు భాస్కరరావుగారు పరీక్షలన్నీ చేయించి, మంచం పక్కన కూర్చున్నారు.

"కడుపులో రాచపుండండీ, మేం క్యాన్సరంటాం. బాగా ముదిరింది."

"తినక ఇలా అయ్యానంటున్నారండీ మావాళ్లు."

"తిండి ఒక్కటే కారణం కాదండీ. ఈ జబ్బులో కడుపునిండా తిన్నా కండ నిలవదు. ఎందుకో మాకే ఇంకా సరిగా తెలీదు. అది తెలుసుకోడానికే విశాఖపట్నంలో డాక్టరేటు పరిశోధనకి చోటిచ్చారు నాకు. వేసవిలో వెళ్తాను. ఈలోగా మీరు ఒప్పుకుంటే మీ బరువూ, చేతి లావూ చూస్తుంటాను. దాచడమెందుకు, దానివల్ల మీకు నయమవదు. ఎప్పటికో ఇంకొకళ్లకి పనికిరావచ్చు."

"పోయిన కండ కొల్లేట్లో పడుంటే వలేసి తీద్దును గదండీ" అని పెద్దింటయ్య నవ్వబోయి ఆయాసపడ్డాడు. "చూసుకోండి బాబూ. ఈ చెయ్యి ఇంకెందుకు."

ముదిరిందన్న మాట కంటే, తిన్నా నిలవదన్న మాటే అతని మనసులో తిరిగింది. అరుగు పక్కన తలొంచుకుని నిలబడే ఆదిలక్ష్మి కళ్లలో మెదిలింది. లేవబోతే సోమరాజు వీపుకి చెయ్యి ఆన్చాడు.

"డాక్టరుబాబూ, నాకో మేలు చెయ్యాలండీ. ఒక్కసారి మా లంకకి రండి. సోమరాజు దోనె తెస్తాడు. మా అమ్మ ముందు, వీధంతా వినేలా చెప్పండి, ఆదిలక్ష్మి పెట్టింది, నేను తిన్నాను, తిన్నా కండ నిలవని జబ్బిదని. నేను చెబితే పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడంటారు. నేను ఉండగానే రండి బాబూ."