పుల్లన్న తుపాకీ, బెంగుళూరు గుర్రం కాలు

ట్యాంకరు ఊళ్ళోకి వస్తే మొదటి నీళ్ళు పుల్లన్న గుర్రానికి. పామిడికి అవతల, పెన్న ఒడ్డునున్న ఆ ఊళ్ళో 2004 మార్చి నాటికి బోర్లన్నీ ఎండిపోయాయి. ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకొని కాచుకునేవారు. ట్యాంకరు డ్రైవరు వాళ్ళను దాటుకొని పోయి పుల్లన్న కొట్టం ముందు ఆపి, రెండు డ్రమ్ములు నింపాకే వెనక్కి తిప్పేవాడు. గుర్రం ఒళ్ళు కడిగేదాకా పుల్లన్న దగ్గరుండి చూసేవాడు.

పుల్లన్నకు నలభై ఎకరాల మెట్ట ఉంది. వేరుశనగ వేస్తాడు, వాన రాదు, నష్టపరిహారం రాయించుకుంటాడు. ఇవి కాక ఆయనకు ఘనతలు రెండు. ఒకటి, తిరునాళ్ళలో బండ లాగే ఎద్దులు. రెండోది లైసెన్సు తుపాకీ. శత్రువులున్నారని వాళ్ళ నాయన తీసుకున్న లైసెన్సు అది. ఆ శత్రువులు ఎప్పుడో అనంతపురంలో ఇళ్ళు కట్టుకొని వెళ్ళిపోయారు. అయినా పుల్లన్న టీ తాగడానికి పోయినా తుపాకీ భుజాన ఉండాల్సిందే. పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకునేవాడు. దీపావళికి తప్ప అది పేలగా ఎవరూ వినలేదు.

గుర్రం కొనడానికి కారణం పక్క ఊరి పాపన్న. అంతకుముందు ఏడాది చౌడేశ్వరి జాతరలో గుర్రాల పరుగు పెడితే పాపన్న నాటు గుర్రం గెలిచింది. పాపన్న మెడలో దండతో వచ్చి, నలుగురిలో నిలబడి, "ఏమప్పా పుల్లన్నా, నీ ఎద్దుల్ని తోలకపోయినావా? రెండో బహుమానమన్నా వచ్చిండేది" అన్నాడు. జనం నవ్వారు. పుల్లన్న బెంగుళూరు పోయి, పందేల నుంచి తీసేసిన గుర్రాలు అమ్మే బేరగాడి దగ్గర నిలువెత్తు ఎర్ర గుర్రాన్ని తెచ్చాడు. ముందరి ఎడమ కాలు కొంచెం అలిసిందని బేరగాడే చెప్పాడు. మేపితే అదే సర్దుకుంటుందని పుల్లన్న అనుకున్నాడు.

ఎద్దులకు పెట్టినట్టే దానికీ ఉలవలూ పచ్చి గుడ్లూ పెట్టించాడు. ఎద్దుల్ని గట్టి నేల మీద తిప్పినట్టే దాన్ని రోజూ తారు రోడ్డు మీద దౌడు తీయించాడు. పని చూడడానికి ఆదెప్పను పెట్టుకున్నాడు. తాడిపత్రిలో ఆటోలు వచ్చాక జట్కా అమ్ముకున్నవాడు ఆదెప్ప. జాతర ఇంకా మూడు వారాలుందనగా గుర్రం కుంటింది. కాలు వేడిగా ఉందని, నాలుగు రోజులు మెల్లగా నడిపిస్తే పోతుందని ఆదెప్ప తేల్చాడు. జట్కా గుర్రాలకు అతను చేసిన వైద్యం అదే. కుంటు పోలేదు. అప్పుడు పశువుల డాక్టరు పద్మప్రియను పిలిపించారు.

ఆమె మోకాలికీ గిట్టకూ నడుమ ఎముక వెంట వేలితో నొక్కుతూ పోయింది. ఒకచోట గుర్రం కాలు లాక్కుంది. లోపల సన్నని చీలిక ఉండొచ్చని ఆమె చెప్పింది. ఎద్దు నిదానంగా నేలను తన్నిపట్టి లాగుతుంది. గుర్రం దౌడు తీసేటప్పుడు ఒక్కో క్షణం ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. ఆ దెబ్బలకు ఎముక లోలోపల చెడుతుంది, విశ్రాంతి ఇస్తే మానుతుంది. మూడు నెలలు పరిగెత్తించవద్దంది.

"ఏమ్మా, మా ఎద్దులు ఇన్నేండ్లుగా బండ లాగుతాండాయి. ఒక్కదాని కాలన్నా విరిగిందా? దీన్నేమన్నా గాజుతో చేసినారా?" అన్నాడు పుల్లన్న.

"ఆ ఎముక పూర్తిగా విరిగితే ఇక్కడ నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అంత గుర్రం మూడు కాళ్ళ మీద బతకదు. బాధ పెట్టకుండా చంపడమే."

"దానికైతే నా దగ్గర తుపాకి ఉండాది లే" అని పుల్లన్న నవ్వాడు.

మరుసటి వారం పోలీసులు కబురు పెట్టారు. ఎన్నికలు గనుక లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. పుల్లన్న అప్పగించి వచ్చాడు. ఖాళీ భుజంతో టీ కొట్టుకు పోవడం ఇష్టం లేక ఇంట్లోనే తాగాడు.

జాతర పొద్దున గుర్రం ఇంకా కుంటుతూనే ఉంది. బండ లాగే ముందు నొప్పి తెలియకుండా ఎద్దులకు వేసే సూది పుల్లన్న ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీశాడు.

"అన్నా, డాక్టరమ్మ వద్దనింది గదా" అన్నాడు ఆదెప్ప.

"డాక్టరమ్మ వచ్చి పాపన్నతో మాట పడతాదా?"

సూది పడ్డాక కుంటు మాయమైంది. ఆదెప్ప కూడా సంతోషించి, తనే ఎక్కి కూర్చున్నాడు.

పరుగు గుడి నుంచి పెన్న వంతెన దాకా, తారు రోడ్డు మీద. బెంగుళూరు గుర్రం మిగతావాటిని చాలా వెనక వదిలేసింది. వంతెన కనబడుతుండగా ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆదెప్ప రోడ్డు మీద పడ్డాడు. గుర్రం లేచి నిలబడింది. మోకాలి కింద కాలు వేలాడుతూ ఉంది. పాపన్న గుర్రం పక్కనుంచి పోయి గెలిచింది.

ఆదెప్ప మోచేతి నెత్తురు తుడుచుకుంటూ వచ్చి, "దాని పాణం తీసెయ్యన్నా. తుపాకి తే" అన్నాడు. పుల్లన్న చెయ్యి భుజం మీదికి పోయింది. అక్కడ తువ్వాలు ఉంది.

మోటారు సైకిలు మీద స్టేషనుకు పోయాడు. ఒక్క గంటకు ఇప్పించమని అడిగాడు. ఎస్.ఐ. అంతా విన్నాడు. "గుర్రాన్ని కాలుస్తానంటాండావు, సరే. చేతికొచ్చినాక ఇంకెవర్ని కాల్చినా అడగాల్సింది నన్నే గదా. కౌంటింగు అయినాక రాప్పా" అన్నాడు. పద్మప్రియ ఆ రోజు ఎన్నికల శిక్షణకు అనంతపురం పోయింది. ఫోను చేస్తే, మందు తీసుకొని బస్సులో వస్తానని చెప్పింది.

మధ్యాహ్నమంతా గుర్రం ఎండలో లేవడం, పడడం. జాతర జనం బొరుగులు తింటూ చుట్టూ నిలబడ్డారు. వెదురు బద్దలతో కట్టు కట్టాలని ఒకడు, పసుపు రాయాలని ఒకడు సలహా ఇచ్చారు. ట్యాంకరు దగ్గర రోజూ బిందెతో నిలబడే తిమ్మమ్మ అదే బిందె తెచ్చి దాని మూతి దగ్గర పెట్టింది. "ఇన్నాళ్ళూ మా నీళ్ళే తాగినావు. ఇంకొంచెం తాగు" అంది. పుల్లన్న వేరే పక్కకు చూశాడు.

పొద్దు వాలే వేళకు పద్మప్రియ బస్సు దిగింది. ఆమె మందు ఎక్కించాక గుర్రం కదలలేదు. పొద్దున ఏం సూది వేశారని అడిగింది. అంతా చౌడమ్మ రాత అన్నాడు పుల్లన్న.

కౌంటింగు అయింది. తుపాకీ ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం గెలిచిన పార్టీ ఊరేగింపు వస్తే పుల్లన్న ముందు నిలబడి ఆకాశంలోకి రెండు సార్లు కాల్చాడు. రెండూ బాగానే పేలాయి.