మలుపింటి అవ్వ

పోయిన వారం బుధవారంనాడు కుప్పం నుంచి అవ్వ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది" అనింది. పొయ్యి మీద సంగటి కెలుకుతా ఉండినదాన్ని, అది మాడి వాసనొచ్చేదాకా సూసుకోలేదు. మూణ్ణెల్లుగా ఆమెతో నాకు మాటల్లేవు. పలకరించకుండానే సాగనంపినాను మహాతల్లిని.

అవ్వ నాకు సుట్టం కాదు. మదనపల్లె నుంచి పుంగనూరుకు పొయ్యే రోడ్డులో, మా ఊరి కాడ పెద్ద మలుపు ఉండాది. ఆ మలుపులో మొదటి ఇల్లు ఆమెది. మాది లోపలి వీధి. ఆదివారం తెల్లారితే సాలు, కాలేజీ పిలకాయలు బండ్లేసుకోని పందేలకొస్తారు. సైలెన్సర్లు మార్చిన బండ్లు, చెవులు గింగురుమంటాయి. హెల్మెట్ పెట్టుకున్నోడు ఒక్కడుండడు.

శబ్దం వినపడితే అవ్వ చేసే పని ఇడిసిపెట్టి గడప మీద కూసునేది. చెనిక్కాయలు వలస్తాండినా సరే, నోటికాడ ముద్ద ఉండినా సరే. పక్కన బిందెతో నీళ్లు, ఉతికి చించిపెట్టిన పాతచీర పేలికలు. ఎవుడైనా పడితే అందరికన్నా ముందు ఆమే పరిగెత్తేది. డెబ్బై ఏళ్ల మనిషి! "పడినోణ్ణి తిట్టకూడదు మే, లేసినాక తిట్టాల" అనేది. లేసినాక మాత్రం ఇడిసేది కాదు. "ఇంటికి పోయి అన్నం తినేదేరా గెలుపు, ఎదవా" అని దులిపేసేది. వాళ్లు నవ్వి, ఆమె కాళ్లు మొక్కి, మళ్లా బండెక్కేవాళ్లు.

పోయినేడు ఒక పిలకాయ లేయనే లేదు. అంబులెన్స్ వచ్చేదాకా అవ్వ వాడి తల ఒళ్లో పెట్టుకోని, చెవిలో ఏదేదో చెప్తానే ఉండింది. ఆ దినం నుంచి ఆదివారాలు అన్నం ముట్టలేదు.

ఒంట్లో బాగలేక కూతురింటికి పోతా, బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకునింది.

"నీ దగ్గర ఒక మాట దాసినాను మే. ఇంగ ఈ గడప మీద నేనుండను గదా, చెప్పి పోతాండా. ఉగాదికి ముందు నీ కొడుకు మోచెయ్యి పగలగొట్టుకోని వచ్చినాడు గదా, అది కబడ్డీలో కాదు. ఈడనే, ఈ మలుపులోనే."

నా ఒళ్లు మండిపోయింది. "నాకు యాల చెప్పలేదు అవ్వా? వాడికేమన్నా అయ్యుంటే?" అని అరిచినాను.

"అమ్మకు చెప్పనని ఒట్టేస్తేనే నా కాడ నిలబడతారు. చెప్పినానని తెలిస్తే, ఇంగొకడు పడినప్పుడు నా గడప తొక్కడు. నెత్తురు కారతానే బండెక్కిపోతాడు."

చెయ్యి ఇదిలించుకోని వచ్చేసినాను. ఆ వారమే నా కొడుకు బండి అమ్మేసినాను. వాడిప్పుడు నా మీద అలిగి, బస్సులో పోతాండాడు కాలేజీకి. పోనీ, అలగనీ. ఆమె చెప్పబట్టే గదా వాడు నాకు మిగిలింది! ఆ మాట ఆమెతో ఒక్కసారన్నా అన్నానా? కుప్పంలో ఆమె కాళ్లకాడ కూసోని ఏడ్చినాను. ఏం లాభం.

మొన్న ఆదివారం బండ్ల శబ్దం ఇని, ఇంట్లో ఉండలేక మలుపుకాడికి పోయినాను. అవ్వ ఇంటికి తాళం. సూస్తాండంగానే ఒకడు కంకరలో జారి, బండితో పాటు ఈడ్చుకోని పోయినాడు. పరిగెత్తినాను. మోకాలు చీలిపోయి ఉండాది. దినామూ మా ఇంటికి పాలకొచ్చే ఆయమ్మ కొడుకు వాడు. ఒక్కగానొక్కడు. కొంగు చించి కట్టబోతే, కుంటుకుంటా బండి దిక్కుకే పోతాండాడు.

"అత్తా, మా అమ్మకు చెప్పనంటేనే కట్టించుకుంటా."

నెత్తురు చెప్పులోకి కారతాండాది. "చెప్పనులే, కూసో నాయనా" అనేసినాను.

సాయంత్రం ఆయమ్మ చెంబు తీసుకోని వచ్చింది. "గోడ దూకి మోకాలు చీల్చుకున్నాడంట అక్కా, ఈ వయసులో గోడలు దూకేదేంది" అని నవ్వింది. పాలు పోస్తా, చెప్పాలని నోరు తెరిచినాను. అంతలో వీధి చివర బండి స్టార్టయింది.

"అదిగో, మావోడే. కట్టు కట్టుకోని కూడా ఆగడు సూడు" అని ఆయమ్మ మురిసిపోతా అటు తిరిగింది. చెంబు నిండి పాలు పొర్లి ఇద్దరి కాళ్ల మీదా పడతాండాయి. నేను పోస్తానే ఉండాను.